డబ్బులిచ్చి మరీ మనల్ని వెక్కిరించే బొమ్మ కొన్నాను, ఇంట్లో గొడవ

సర్జాపూర్_సుబ్బు
మొన్న జనవరిలో బెంగళూరు చిత్రసంతెకి, అదే బొమ్మల సంతకి, వెళ్లాం. తెలుసుగా, ఆ ఒక్క ఆదివారం కుమారకృప రోడ్డు మొత్తం బొమ్మలే, చిత్రకళా పరిషత్తు లోపలా బయటా కాలు పెట్టే చోటుండదు. అక్కడ ఫుట్‌పాత్ మీద ఒకమ్మాయి నలుపు తెలుపు ప్రింట్లు పరుచుకుని కూర్చుంది. లినోకట్ అంది. ఒకటి చూసి నవ్వాపుకోలేక 4,500 ఇచ్చి కొనేశాను.

బొమ్మ ఏంటంటే, అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో ఒక కుటుంబం. ఆయన ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు, మొహం ఫోన్ వెనక దాగిపోయింది, కెమెరా కన్ను మాత్రం మన వైపే చూస్తోంది. మెళ్లో ఆఫీసు ట్యాగు ఎద్దుకి పలుపుతాడులా ఉంది. ఆవిడ చేతిలో ఎవరిదో గృహప్రవేశం రిటర్న్ గిఫ్ట్ సంచీ. పిల్లాడికి రెండు బ్యాగులు, ఒకటి స్కూలుది, ఒకటి కోచింగ్‌ది, పాపం ముందుకి వంగిపోయాడు. ముసలావిడ తులసి కుండీ పట్టుకుని ఉంది, ఆకులు తక్కువ. అచ్చం మేమే. కాకపోతే చొక్కా జేబు కుడివైపు పెట్టేసింది, వాచీ కూడా కుడిచేతికే. కొత్తగా నేర్చుకుంటున్న పిల్ల కదా అని పట్టించుకోలేదు. వెనక గోడ మీద జిలేబీల్లాంటి డిజైను ఏదో ఉంది.

ఇప్పుడు గొడవ. మా అత్తగారు నరసరావుపేట నుంచి వచ్చి ఉన్నారు. హాల్లో తగిలించగానే ‘ఇదేంటి నాయనా, మనల్నే వెక్కిరిస్తున్నట్టుంది, వచ్చినవాళ్లు చూడరా?’ అన్నారు. పక్క ఫ్లాట్ ఆయన వచ్చి, కింద పెన్సిల్‌తో 12/50 అని ఉంటే చూసి, ‘ఇంకా 49 ఉన్నాయన్నమాట, జెరాక్స్‌కి నాలుగున్నర వేలా?’ అని వెళ్లిపోయాడు. మా ఆవిడ అప్పట్నుంచి మాట్లాడటం లేదు. ఇది అసలుదేనా? ఇంకోటి, మన మీద వేసిన సెటైర్‌ని మనమే కొనుక్కుని గోడకి పెట్టుకోవడం తెలివితక్కువతనమా?

మారతహళ్లి_మధు
4,500 దండగ. మా ఇంట్లో వెక్కిరింపు ఉచితం, రోజూ రెండు పూటలా.

ఈఎమ్ఐ_వీరుడు
12/50 అంటే యాభై వాయిదాల్లో పన్నెండోది కట్టారని అన్నా. ఇంకా 38 ఉన్నాయి, బ్యాంకు వాళ్లు ఫోన్ చేస్తారు.

రాయి_మీద_గీత
సుబ్బు గారూ, తప్పంతా మీ పక్కింటాయనది కాదు, ‘ప్రింట్’ అనే మాటే మా కొంప ముంచింది. నేను కాలేజీలో గ్రాఫిక్స్ చేశాను, ప్రింట్‌మేకింగ్‌ని మేం అలాగే అంటాం. ఇప్పుడు యాప్‌లకి బటన్లు గీస్తున్నా, అది వేరే ఏడుపు.

లినో అంటే పాత ఆఫీసుల్లో నేల మీద పరిచేవారే, ఆ షీటే. అవిసె నూనె, కార్క్ పొడి కలిపి గోనెగుడ్డ మీద పరిచి చేస్తారు. దాన్ని చిన్న చిన్న ఉలులతో చెక్కుతాం. చెక్కేసిన చోటు తెల్లగా, వదిలేసిన చోటు నల్లగా వస్తుంది. రోలర్‌తో ఇంకు పూసి, కాగితం పరిచి, ప్రెస్ లేకపోతే గరిటె వెనక భాగంతో రుద్దుతాం (మా హాస్టల్ మెస్‌లో గరిటె కనపడకపోతే మొదట మా గది తలుపే కొట్టేవారు). ఒక్కో కాపీకి మళ్లీ ఇంకు, మళ్లీ రుద్దుడు. యాభై తీశాక బ్లాకు మీద అడ్డంగా ఒక గీత గీకి దాన్ని చంపేయాలి, అది పద్ధతి. యాభైకి యాభై ఒరిజినల్సే, మీది అందులో పన్నెండోది. అసలుది అంటూ ఇంకొకటి ఎక్కడా దాచి ఉండదు.

నమ్మకం కుదరకపోతే ఫోన్ కెమెరా బాగా దగ్గరగా పెట్టి చూడండి. సన్నటి చుక్కలు చుక్కలుగా కనిపిస్తే ఆఫ్‌సెట్ ప్రెస్‌లో కొట్టింది. నలుపు ముద్దగా ఉండి, అంచుల దగ్గర ఇంకు కాస్త గట్టులా లేచి ఉంటే చేత్తో తీసిందే.

సర్జాపూర్_సుబ్బు
చూశా. చుక్కల్లేవు. అంచు దగ్గర గట్టు ఉంది, పిల్లాడి బ్యాగు పట్టీ దగ్గర బాగా కనిపిస్తోంది. పక్కింటాయనకి మీ పోస్టు పంపించా, బొటనవేలు గుర్తు పెట్టాడు. చదివాడని నమ్మకం లేదు.

పాత_పేపర్
రెండో ప్రశ్నకి వస్తా. మనల్ని వెక్కిరించే బొమ్మని మనమే కొనడం మీతో మొదలవలేదు సుబ్బూ. పారిస్‌లో ఓనొరే దోమియే అని ఒకాయన ఉండేవాడు, 1808లో పుట్టాడు. సున్నపురాయి పలక మీద జిడ్డు క్రేయాన్‌తో గీసి అచ్చు తీసే లితోగ్రఫీ ఆయన పని, జీవితంలో నాలుగు వేల దాకా తీశాడు. మొదట రాజు మీద పడ్డాడు. 1831లో లూయీ ఫిలిప్‌ని కొండంత పొట్టతో కూర్చోబెట్టి, జనం మెట్ల పలక ఎక్కి ఆయన నోట్లోకి బుట్టలతో డబ్బు పోస్తున్నట్టు, కింద నుంచి బిరుదులు రాలుతున్నట్టు వేశాడు. ఆరు నెలల జైలు. 1835లో పత్రికల మీద కొత్త చట్టాలొచ్చి రాజకీయ బొమ్మల నోరు మూసేశాయి. ఇక మిగిలింది ఎవరు? ఇంటాయన, అద్దెకున్నాయన, ఆదివారం పిల్లల్ని షికారు తీసుకెళ్లి చెమటలు కక్కే గుమాస్తా, లాయర్లు. ఆ బొమ్మలన్నీ షారివారి అనే దినపత్రికలో వచ్చేవి. చందా కట్టి దాన్ని చదివేది కూడా ఆ ఇంటాయనలూ లాయర్లే.

రోబెర్ మకేర్ అని ఒక పాత్ర ఉంటుంది, 1836 నుంచి రెండేళ్లు వరసగా వేశాడు. లేని కంపెనీల వాటాలు అమ్ముతాడు, డాక్టరవుతాడు, బ్యాంకరవుతాడు, ఎందులోనైనా మోసమే.

ఈఎమ్ఐ_వీరుడు
అంటే ప్రీ లాంచ్ ఆఫర్ ఆయనే కనిపెట్టాడా. మా వెంచర్‌లో స్విమ్మింగ్ పూల్ ఇప్పటికీ బ్రోచర్లోనే ఉంది.

నెల్లూరు_చేప
పాత_పేపర్ గారు చెప్పింది నా వాదనకే బలం. రాజు మీద వేస్తే జైలు, ఇంటాయన మీద వేస్తే జీతం. ఎవరికి నొప్పి పుట్టిందో అక్కడే తెలిసిపోవట్లేదా? చెంపదెబ్బ తిని డబ్బులు కట్టి రసీదు తీసుకుంటే అది దెబ్బ ఎలా అవుద్ది, మసాజ్ అవుద్ది. మన వాట్సాప్ గ్రూపుల్లో మిడిల్ క్లాస్ మీద జోకులు పంపేది ఎవరు, మనమే. షాంపూ సీసాలో నీళ్లు పోసి కలుపుతాం, హహ, రిమోట్‌కి ప్లాస్టిక్ కవరు వేస్తాం, హహ. అందరం మంచోళ్లమే, కాస్త పిసినారులం, అంతే కదా అని ముద్దు చేసుకోవడం. సుబ్బు గారు కొన్న బొమ్మ కూడా అదే బాపతు. అత్తగారు ఒక్కరే దాన్ని సీరియస్‌గా తీసుకున్నారు, ఆవిడకి నా నమస్కారం.

మారతహళ్లి_మధు
రిమోట్ కవర్ జోలికి రావద్దు చేపన్నా. అది భావోద్వేగం.

కెంగేరి_కామేశ్వరి
నెల్లూరు అబ్బాయి మాటలో సగం నిజం ఉంది. మిగతా సగానికి నా కథ వినండి. మా అబ్బాయి దగ్గరికి లండన్ వెళ్లినప్పుడు నేషనల్ గ్యాలరీలో హోగార్త్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు వేసిన ఆరు పెయింటింగులు చూశాను, ఒక పెళ్లి కథ అది. మొదటి దాంట్లో సంబంధం ఖాయం చేసుకుంటుంటారు. కాలికి కట్టు కట్టుకున్న పాత జమీందారు తన వంశవృక్షం చూపిస్తుంటాడు, చేతిలో చిల్లిగవ్వ ఉండదు. ఎదురుగా డబ్బున్న వ్యాపారి, కూతురి తరఫున, కళ్లజోడు పెట్టుకుని ఒప్పందం కాగితం చదువుకుంటుంటాడు. బల్ల మీద నాణేల కుప్ప. పెళ్లికొడుకు అద్దంలో తన మొహం చూసుకుంటున్నాడు, పెళ్లికూతురు అటు తిరిగి ఉంగరాన్ని రుమాల్లో దూర్చి ఆడుకుంటోంది. నేల మీద రెండు కుక్కలు, ఒకే గొలుసుకి కట్టేసి.

నేను అక్కడ బెంచీ మీద కూర్చుండిపోయాను. 1981లో మా ఇంటి వసారాలో నా సంబంధం మాట్లాడినప్పుడు అచ్చం ఇదే బల్ల, ఇదే కాగితం. నాణేల బదులు స్కూటరు. ఆ బొమ్మ చూసి నేనైతే నవ్వలేదు. 1745లో వాటిని అచ్చుగా కూడా అమ్మాడు, పెయింటింగ్ కొనలేని వాళ్లు కూడా కొనుక్కునేలా. కొన్నవాళ్లలో సంబంధాలు అలా కుదుర్చుకున్నవాళ్లు లేరంటావా? ఒక్కరికైనా ముల్లు గుచ్చుకోలేదంటావా?

దోమియేని మాత్రం మరీ ఎత్తకండి. 1844లో రచనలు చేసే ఆడవాళ్ల మీద ఒక వరస వేశాడు, తల్లి రాసుకుంటుంటే పిల్ల నీళ్లతొట్లో పడినట్టు. ఇంటాయన్ని వెక్కిరించిన చేత్తోనే.

పాత_పేపర్
ఒప్పుకుంటున్నా అక్కా. ఆ వరస నాకూ నచ్చదు. బాగా గీశాడు కాబట్టి ఇంకా మండుతుంది.

అనంతపూర్_ఎక్స్‌ప్రెస్
ఏమప్పా, ఎప్పుడూ పారిసూ లండనేనా. మన దేశంలో కాళీఘాట్ ప్రింట్లు లేవా? కలకత్తా బాబు, సిల్కు పంచె, చేతిలో హుక్కా, వాణ్ణి గొర్రెని చేసి ఆడమనిషి తాడు కట్టి లాక్కుపోయే బొమ్మ. మెళ్లో మాల వేసుకుని నోట్లో రొయ్య పట్టుకున్న పిల్లి, దొంగ భక్తుడు అని. అదీ సెటైర్ అంటే.

రాయి_మీద_గీత
చిన్న సవరణ. కాళీఘాట్ పటాలు చాలావరకు ప్రింట్లు కావు, చేత్తో చకచకా వేసి గుడి దగ్గర అమ్మినవి. వాటికి పోటీగా కలకత్తాలోనే బట్‌తలా అనే పేటలో చెక్క మీద చెక్కి అచ్చు తీసేవారు, అవి ప్రింట్లు. మీకు కావాల్సింది గగనేంద్రనాథ్ ఠాగూర్. రవీంద్రుడికి వరసకి అన్న కొడుకు. ఇంట్లోనే లితో ప్రెస్ పెట్టించుకుని 1917లో విరూప వజ్ర, అద్భుత లోక్ అని రెండు సంపుటాలు, 1921లో ఇంకోటి తెచ్చాడు. కోటు తొడుక్కుని దొరలా నడవబోయే బాబులు, నీతులు చెప్పి చీకటి పడ్డాక తాగే పెద్దమనుషులు. అంతా తన చుట్టూ ఉన్నవాళ్లే. అందుకే వాటిలో దూరం నుంచి రాయి విసిరినట్టుండదు, సొంత ఇంట్లో సామాను బయటపెట్టినట్టుంటుంది.

చిత్తూరోడు
ప్రింట్లు అంటున్నారు, మా కృష్ణారెడ్డి పేరే ఎత్తరేం? చిత్తూరు దగ్గర నందనూరు ఆయనది. పారిస్ వెళ్లి, ఒకే లోహపు ప్లేటు మీద చిక్కటి ఇంకు, పల్చటి ఇంకు కలవకుండా పూసి రంగులన్నీ ఒక్కసారే అచ్చు తీసే పద్ధతి తేల్చినవాళ్లలో ముఖ్యుడు.

రాయి_మీద_గీత
గొప్పాయన, నాకు దేవుడితో సమానం. కానీ ఆయన సెటైర్ వేసే రకం కాదు బ్రో. అందుకే ఎత్తలేదు.

చిత్తూరోడు
ఊరికే చెప్పా. రికార్డు కోసం.

కెంగేరి_కామేశ్వరి
రాయి_మీద_గీత గారూ, ఒక సందేహం. ఆ పెళ్లి బొమ్మల ప్రింట్లు తర్వాత ఒక పుస్తకంలో చూస్తే కుడి ఎడమలు తారుమారుగా ఉన్నాయి. పెయింటింగ్‌లో జమీందారు కుడివైపు, ప్రింట్‌లో ఎడమవైపు. పుస్తకం వాళ్ల పొరపాటా?

రాయి_మీద_గీత
పొరపాటు కాదండీ. ప్లేటు మీద ఉన్నది ఉన్నట్టు చెక్కితే కాగితం మీద తిరగబడుతుంది, రబ్బరు స్టాంపు లాగే. తిన్నగా రావాలంటే మనమే తిప్పి చెక్కాలి. మొదటి ఏడాది నేను గౌతముడి బొమ్మ కింద ‘శాంతి’ అని తిన్నగా చెక్కేశాను, ప్రింట్ తీశాక మా సార్ దాన్ని అద్దం ముందు పట్టుకుని క్లాసంతటికీ చదివి వినిపించారు.

కాజా_గుండీ
ఇంతసేపూ ఊరికే చదువుతున్నా గానీ ఇప్పుడు ఆగలేకపోతున్నా. మా నాన్న చిక్కపేటలో టైలరు, నలభై ఏళ్ల సర్వీసు. సుబ్బన్నా, చొక్కా జేబు కుడివైపు ఉందన్నావు కదా. గుండీల పట్టీ చూడు. మగవాళ్ల చొక్కాకి ఎడమ పట్టీ పైకి వస్తుంది, కాజాలు దాని మీదే. అది కూడా తిరగబడిందా? జేబొక్కటే తప్పయితే గీయడం రాలేదనుకోవచ్చు. పట్టీ కూడా తిరగబడితే మొత్తం బొమ్మే తిరగబడినట్టు.

సర్జాపూర్_సుబ్బు
నా చొక్కా విప్పి పక్కన పెట్టుకుని చూశా (మా ఆవిడ రెండు రోజుల తర్వాత మొదటి మాట మాట్లాడింది, ‘పిచ్చెక్కిందా’ అని). పట్టీ కూడా తిరగబడే ఉంది. అత్తగారి పాత్రధారిణి పవిట కూడా కుడి భుజం మీద ఉంది. అంటే నాకు డిఫెక్ట్ పీస్ అంటగట్టిందా?

మారతహళ్లి_మధు
పవిట కుడి భుజం మీదంటే గుజరాతీ ఫ్యామిలీ ఏమో అన్నా.

రాయి_మీద_గీత
ఆగండాగండి. మొదటి పోస్టు మళ్లీ చదివా. ఆయన ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు, కెమెరా మన వైపు ఉంది, మొహం ఫోన్ వెనక. అది లిఫ్ట్‌లో అద్దం ముందు సెల్ఫీ కదా! మనం చూస్తున్నది అద్దంలో. అద్దంలో జేబు కుడివైపే కనిపిస్తుంది. ఆ పిల్లకి గీయడం రాకపోవడం ఏంటి, మనందరికంటే బాగా వచ్చు.

సుబ్బు గారూ, వెనక గోడ మీద జిలేబీలన్నారే. అవి గీతలా, అక్షరాలా? ఫోటో తీసి ఫోన్‌లో కుడి ఎడమలు తారుమారయ్యేలా తిప్పి చూడండి.

సర్జాపూర్_సుబ్బు
తిప్పా. అక్షరాలే. తెలుగనుకున్నా, కాదు, కన్నడం. పదకొండేళ్లుగా ఈ ఊళ్లో ఉన్నా బస్సు బోర్డు చదవడం తప్ప రాదు, అది కూడా మన లిపిలా ఉంటుంది కాబట్టి. చిన్న నోటీసు, నాలుగు మూలలా టేపు కూడా చెక్కింది. ‘మనెగెలసదవరు సర్వీస్ లిఫ్ట్ మాత్ర బళసబేకు’ అని కూడబలుక్కున్నా. కామేశ్వరి గారూ?

కెంగేరి_కామేశ్వరి
ఇంటిపని చేసేవాళ్లు సర్వీస్ లిఫ్ట్ మాత్రమే వాడాలి.

నెల్లూరు_చేప
ఓ.

అనంతపూర్_ఎక్స్‌ప్రెస్
సుబ్బన్న ఎక్కడికి పోయినాడు? మూడు రోజులైంది.

సర్జాపూర్_సుబ్బు
ఉన్నా. మా బి బ్లాకు లిఫ్ట్‌లోనూ అదే నోటీసు ఉంది, ఇంగ్లీషు, కన్నడం, హిందీ. ఇంగ్లీషు ముక్క రాసింది నేనే. రెండేళ్ల కిందట అసోసియేషన్ కమిటీలో ఉన్నప్పుడు. తడి మాపులతో, పాల ట్రేలతో లిఫ్ట్ పాడవుతోందని గ్రూపులో రోజూ ఫిర్యాదులు, సరే అని రాశా. కన్నడంలోకి మార్చింది మా సెక్యూరిటీ సూపర్‌వైజరు. లామినేషన్‌కి 120 అయింది, ఆ బిల్లు కూడా నేనే పెట్టా. రోజుకి నాలుగుసార్లు దాని పక్కనే నిలబడి ఎక్కి దిగుతున్నా, ఇంటికొచ్చి అదే అక్షరాలు గోడ మీద చూసి జిలేబీ అనుకున్నా.

ఈఎమ్ఐ_వీరుడు
జోకు వేద్దామనుకున్నా, రావట్లేదన్నా.

హౌస్‌కోట్_హంస
నాకు ఇందులో అంత నేరం కనపడట్లేదు. ట్రాలీలు, చెత్త డబ్బాలు సర్వీస్ లిఫ్ట్‌లో వెళ్లాలనడం న్యాయమే, అది దానికోసమే పెట్టింది.

కెంగేరి_కామేశ్వరి
అలాగైతే ‘చెత్త డబ్బాలు’ అని రాయాలమ్మా, ‘ఇంటిపని చేసేవాళ్లు’ అని ఎందుకు రాయడం? మా దగ్గర సర్వీస్ లిఫ్ట్ చెడిపోయి పందొమ్మిది రోజులు బాగుచేయలేదు. మా ఇంట్లో చేసే ఆవిడకి మోకాళ్ల నొప్పి. ఆరో ఫ్లోరు దాకా మెట్లెక్కి వచ్చేది. ‘మెయిన్ లిఫ్ట్‌లో రా’ అని నేను చెప్పినా ఎక్కలేదు, వాచ్‌మన్ అరుస్తాడని. నేను కిందకి దిగి ఆవిడతో పాటు ఎక్కాను, రెండు రోజులు. మూడో రోజు నాకే బద్ధకం వేసింది. అదీ చెప్పాలిగా.

హౌస్‌కోట్_హంస
మాటల్లో తేడా ఉందంటే ఒప్పుకుంటా. రూల్ మాత్రం ఉండాలి.

నెల్లూరు_చేప
ముందు అన్నదాంట్లో సగం వెనక్కి తీసుకుంటున్నా. ట్యాగు, రెండు బ్యాగులు, తులసి కుండీ, అవన్నీ ముద్దు చేసుకునే వెక్కిరింపులే, మనం కొనడానికి పెట్టిన ఎర. అసలు గాలం వెనక గోడ మీద పెట్టింది, అదీ తిప్పి. అద్దంలో మనకి మనం కనిపిస్తాం గానీ వెనకున్నది చదవలేం. మిగతా సగం మాత్రం వెనక్కి తీసుకోను. ఆ యాభైలో ఎన్ని ఇలా తిప్పి చదివి ఉంటారు? కొన్న ప్రతివాడి ఇంట్లో టైలరు కొడుకు ఉండడుగా.

కాజా_గుండీ
మా నాన్నకి చెప్పా. ‘గుండీల పట్టీ చూడకుండా చొక్కా కొంటారా ఎవరైనా’ అన్నాడు.

పాత_పేపర్
నోటీసు సంగతి ఏమైంది సుబ్బూ?

సర్జాపూర్_సుబ్బు
తీసేద్దామని గ్రూపులో పెట్టా. 14 మంది చూసి ఏమీ అనలేదు, ఒకాయన ‘ఏజీఎంలో పెట్టండి’ అన్నాడు, అంటే ఏడాదికోసారి జరిగే అసోసియేషన్ మీటింగులో. ఎజెండాలో ఏడోది, వీధికుక్కలు, కార్ల ఛార్జింగ్ పాయింట్ల తర్వాత. కుక్కల దగ్గరే రాత్రి పదకొండవుతుంది మా దగ్గర.

బొమ్మ హాల్లోనే ఉంది. మా అత్తగారు ఇప్పుడు వచ్చినవాళ్లందరికీ చొక్కా జేబు చూపించి, తప్పెక్కడుందో చెప్పుకోండి చూద్దాం అని పరీక్ష పెడుతున్నారు. గోడ మీద నోటీసు గురించి మాత్రం ఎవరికీ చెప్పట్లేదు. నేనూ చెప్పట్లేదు. మా ఇంట్లో పనిచేసే అమ్మాయికి కన్నడం వచ్చు, రోజూ ఆ ఫ్రేము తుడుస్తుంది. తనకి తెలుసో లేదో అడగడానికి నోరు రాలేదు.

రాయి_మీద_గీత
తుడవడం అన్నారు కాబట్టి ఒక మాట. అద్దం నేరుగా కాగితానికి ఆనకుండా మధ్యలో మౌంట్ బోర్డు పెట్టించండి, లేకపోతే మన ఊరి వానలకి చెమ్మ పట్టి ఇంకు అద్దానికి అంటుకుంటుంది. ఎండ తగిలే గోడ వద్దు.

సర్జాపూర్_సుబ్బు
ఎంతవుద్ది?

రాయి_మీద_గీత
మంచి ఫ్రేమైతే బొమ్మ కంటే ఎక్కువే.

మారతహళ్లి_మధు
వదినగారికి ఇది ఇప్పుడే చెప్పకన్నా.